ఇంట్లో లేని కుండ

మా అక్క అంబలి కుండకి పొద్దుటిపూట ఒక చప్పుడుంటుంది. ముందురోజు కలిపిపెట్టిన పిండి పులిసి, అడుగునుంచి ఒక బుడగ మెల్లగా పైకొచ్చి పగులుతుంది. నిద్రకీ మెలకువకీ మధ్య వినిపించే చప్పుడది. శబరి ఏటి మీది మంచు ఇంట్లోకి వచ్చే నెలల్లో అయితే, అది కుండలోంచి వచ్చిందో, ఏట్లో చేప నోరు తెరిచిందో తేల్చుకోలేక చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంటాను. ముసలితనం నా దగ్గర్నుంచి చాలా పట్టుకుపోయింది గానీ ఈ సుఖాన్ని మాత్రం వదిలేసింది.

మాది కొంటా దగ్గర పల్లె. ఏరు దాటితే వేరే రాష్ట్రం. మా అమ్మ దోర్లీలో తిట్టేది, నాన్న తెలుగులో బుజ్జగించేవాడు, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ. నేను బడికి పోలేదు. పెద్ద రోడ్డు మీద సరుకు దించే పనిలో ఉన్నప్పుడు లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తెలుగు లారీ వెనక హిందీ లారీ, దాని వెనక ఒరియా లారీ. అందుకేనేమో, ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా అక్షరాలు నన్ను దాటుకుని ఎటో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది.

అంబలి చోళ్ళతో కాస్తాం. సంతలో మండియా అంటారు, పుస్తకాల్లో రాగులు అంటారు. పేరు ఏదైనా పులుపు ఒకటే. ఆ పులుపు కుండలో ఉంటుంది. అక్క ఆ కుండని ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యదు. అడుగున కాస్త మిగల్చి, దాని మీదే కొత్త పిండి పోస్తుంది. పులిశాక పొయ్యి మీద కాచేదీ అందులోనే. బూడిద పెట్టి తోమదు. అంచు మాత్రం తడిచేత్తో తుడుస్తుంది, అంతే. ఆ కుండ ముందు మా అమ్మది. అమ్మ చేతినుంచి అక్క చేతికి వచ్చింది. వేరేవాళ్ళకి ఇది మామూలు మాట. మాకు కాదు.

మా దగ్గర మనిషి పోతే ఆ ఇంటి వంటకుండలు కూడా పోవాలి. మైలపడ్డ కుండలో మళ్ళీ ఎసరు పెట్టరు. అన్నీ మోసుకుపోయి వాగొడ్డున పగలగొట్టి, కొత్తవి తెచ్చుకుంటారు. తరతరాలుగా అలా పగిలి పగిలి, వాగొడ్డున ఒక దిబ్బే లేచింది. కుండల దిబ్బ అంటాం. కాబట్టి మా ఊళ్ళో తల్లి కుండ కూతురికి దక్కడమంటూ ఉండదు. అక్కకి ఎలా దక్కిందంటే, అమ్మ పోయిన రోజున ఆ కుండ ఇంట్లో లేదు. చేలో మంచె మీద ఉంది.

అప్పుడు చోళ్ళు వెన్ను పట్టిన కాలం. అమ్మ జ్వరం ముదిరిన పొద్దున అక్క కుండని నెత్తిన పెట్టుకుని, పిట్టల కావలికి పోతున్నానని చెప్పి, మంచె మీద దించి వచ్చింది. జ్వరంలో తల్లిని వదిలి పిట్టల్ని తోలేదెవరు? ఎవరూ అడగలేదు. దినం రోజున కుండలు ఏరుతుంటే ఆ కుండ సంగతి వచ్చింది. పెద్దలు కూర్చున్నారు. తలా ఒక చుట్ట కాల్చారు. చివరికి ఊరి పెద్ద తేల్చేశాడు: "కుండ ఇంట్ల లేకపాయె. ఇంట్ల లేని కుండకు మైలేంది?"

అక్క మొహం అప్పుడు ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటోంది. కళ్ళల్లో మాత్రం నీళ్ళు.

ఇక నా కోపం సంగతి.

చాలా ఏళ్ళ కిందట మా దగ్గర ఒక సభ జరిగింది. బియ్యం పంచే సభ. నాలుగు భాషలు వచ్చినవాణ్ణని నన్ను మైకు పక్కన నిలబెట్టారు. పైనుంచి వచ్చిన పెద్దాయన హిందీలో మాట్లాడటం, నేను దాన్ని మావాళ్ళకి చెప్పడం. ఆయన చాలాసేపు చాలా చెప్పాడు. ఒకచోట చెయ్యి ఎత్తి అన్నాడు: వీళ్ళకి గింజ తినడం మేమే నేర్పాం, లేకపోతే దుంపలు తవ్వుకుని, వేటాడుకుని బతికేవాళ్ళు.

ఎదురుగా మా అక్క కూర్చుంది. సొరకాయ బుర్రలో చోళ్ళంబలి తెచ్చుకుంది, ఎండకి తాగుదామని. అక్క పక్కన సామలు దంచి దంచి చేతులు కాయలు కాసిన ముసలమ్మలు. జొన్న గటక తిని పెరిగిన మొగాళ్ళు. అందరూ నా నోటివంక చూస్తున్నారు.

నేను చెప్పాను: "మన అంబలి కడుపుల చల్లగ ఉంటదని అయ్యగారు ఇన్నరట."

చప్పట్లు మోగిపోయాయి. పెద్దాయన ఆ చప్పట్లు తన మాటకే అనుకుని నమస్కారం పెట్టాడు.

ఊరంతా నవ్వుతూ ఇంటికి పోయింది. ఆయనన్న మాట మాత్రం నా ఒక్కడి దగ్గర మిగిలిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది మాలో అందరికీ అంటుకుంటుందనిపించింది. చెప్పక, అది నాలోనే మాడింది. అప్పట్నుంచి పాత పంటల గురించి ఎక్కడ ఏ కాగితం కనపడినా చదివాను. చదివిన ప్రతిదీ ఎవరో ఎక్కడో కూర్చుని రాసిందే. మా గింజ మేమే తిన్నామని, ఎప్పట్నుంచో తింటున్నామని చెప్పే రుజువొకటి నా చేతిలో పెట్టుకుని చావాలని ఉండేది.

ఆ రుజువు ఒకరోజు జీపు దిగి వచ్చింది గానీ, ముందు నేను గుర్తుపట్టలేదు.

చలి పోయి ఇప్పపువ్వు రాలే రోజులు. కోస్తా వైపు అమ్మాయి. ఏదో యూనివర్సిటీలో పరిశోధన. కిందటి వానలకి వాగు ఒడ్డుని కోసేస్తే కుండల దిబ్బ ఒక పక్క తెగింది, ఆ తెగినచోట పొరలు పొరలుగా పెంకులు బయటపడ్డాయి. పైన మా తాతలవి, ఇంకా కింద ఎవరివో. నున్నటి నల్లటి పెంకులు. వాటి కోసం వచ్చింది.

"ఏం చేస్తవమ్మా వీటిని?" అన్నాను.

"వీటిలో మిగిలిపోయిన ఎంగిలిని పరీక్షిస్తాం తాతగారూ. అప్పటివాళ్ళు ఏ గింజలు తిన్నారో దాన్నిబట్టి తెలుస్తుంది."

నాకు గింజ అన్న మాట వినపడలేదు. ఎంగిలి ఒక్కటే వినపడింది.

"ఎంగిలేంది? ఎవరి ఎంగిలి?" అన్నాను. "మావోళ్ళు కుండల మూతిపెట్టి తాగెటోళ్ళనుకున్నవా? దొప్పల పోసుకుని తాగి, దొప్ప అవతల పారేస్తరు. ఎంగిలి చెయ్యి కుండల పెడితే మా అమ్మ తెడ్డు తిరగేసి కొట్టేది."

"అయ్యో, అలా కాదండీ. మాట సరిగ్గా దొరకలేదు. ఇంగ్లీషులో ఒక మాట ఉంది, దానికి తెలుగులో..."

"లేకుంటే ఊకోవాలె. ఎంగిలంటవా?"

ఆ అమ్మాయి బిక్కమొహం వేసుకుని జీపు దగ్గరికి పోయింది. కోపం తగ్గాక మనసు పీకింది. దూరం నుంచి వచ్చిన పిల్ల. గింజ అన్న మాట అప్పుడు చెవిలో పడింది, ఆలస్యంగా. ఆ మధ్యాహ్నం నేనే వాగులోకి దిగాను. తెగిన ఒడ్డునుంచి మంచి మంచి పెంకులు ఒక గంప నిండా ఏరాను. లోపలి వైపు నల్లగా మాడు పట్టి ఉన్నవే ఏరాను. వాగు నీళ్ళలో కూర్చుని, మా పొయ్యి బూడిదతో, పీచుతో, ఒక్కొక్కటీ అద్దంలా తోమాను. ఇప్పుడు చూడనీ ఎంగిలి ఎక్కడుందో, అనుకున్నాను. గంప తీసుకెళ్ళి ఆ అమ్మాయి ముందు దించాను.

అమ్మాయి ఒక పెంకు ఎత్తి చూసింది. ఇంకొకటి చూసింది. ఇసుకలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతుంటే అర్థమైంది, నవ్వుతోంది.

"కడిగేశారా తాతగారూ?"

"చుట్టానికి తోమని కుండ ఎవరన్న ఇస్తరా?"

అప్పుడు చెప్పింది, మాటలు జాగ్రత్తగా ఏరుకుంటూ. మట్టికి కంటికి కనపడని బెజ్జాలుంటాయట. గింజ ఉడికినప్పుడు దాని జిడ్డు ఆ బెజ్జాల్లోకి ఇంకి, అక్కడే ఉండిపోతుందట. ఎవరు కడిగినా పోదట. పెంకుని పొడి చేసి, మందుల్లో కలిపి దాన్ని బయటికి రప్పిస్తారట.

"కడిగినా పోదంటివి గద. మరి తోమితే నష్టమేంది?"

"లోపలిది పోదు. మాడు పోయింది. మాడులోనే పిండి రేణువులుంటాయి. వాటిని చూస్తే గింజ ఏదో గుర్తుపట్టొచ్చు. పైగా బూడిద పట్టించారు కదా, అదొకటి కలిసింది."

"మా ఇంటి బూడిదే."

"సమస్యే అది తాతగారూ."

ఇద్దరం నవ్వుకున్నాం. ఒడ్డులో ఇంకా పెంకులున్నాయి, పోయిందేమీ లేదంది. ఆ రోజునుంచి నేను ఏరే పెంకుల్ని వేళ్ళు తగలకుండా వెదురు బద్దతో పట్టుకుని, ఆమె ఇచ్చిన తళతళలాడే రేకులో చుట్టి ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు ఒడ్డున కూర్చుని ఆ సభలో మాట ఆ అమ్మాయికి చెప్పాను. మొట్టమొదట ఆమెకే చెప్పాను. పరాయిమనిషి కాబట్టి చెప్పగలిగాను.

ఆమె చేతిలో పెంకుని రేకు మీద పెట్టి అంది: "అబద్ధం చెప్పలేను తాతగారూ. ఈ పెంకులు కూడా అదే మాట చెప్పొచ్చు. మాంసంలో కొవ్వు ఎక్కువ, తేలిగ్గా దొరుకుతుంది. గింజలో జిడ్డు బహు తక్కువ. ఒక్కసారి మాంసం వండినా అది గట్టిగా పలుకుతుంది. వందసార్లు అంబలి కాచినా అది గుసగుసే. ఆ గుసగుస ఎలా ఉంటుందో ముందు తెలియాలి. ఒకే గింజ ఏళ్ళ తరబడి కాచిన కుండ ఒకటి దొరికితే, దాన్ని పక్కన పెట్టుకుని పాతవాటిని చదవొచ్చు. కానీ అలాంటి కుండ ఎక్కడుంది? అందరూ అల్యూమినియం గిన్నెలే వాడుతున్నారు. ఉన్న కుండలు మనిషితోపాటే పగిలిపోతున్నాయి."

ఎక్కడుందో నాకు తెలుసు. మాంసం ఎన్నడూ ఎరగని కుండ, ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో అంబలి తప్ప వేరే ఎరగని కుండ, మా వసారాలో కుదురు మీద కూర్చుని బుడగలు వదులుతోంది.

అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చాను. అక్క దొప్పలో అంబలి పోసి, మీద ఉల్లిపాయ, ఉప్పు పెట్టి ఇచ్చింది. అమ్మాయి తాగుతూ కుండవంక చూసిన చూపు, దేవుణ్ణి చూసినట్టుంది.

"అంచు దగ్గర చిన్న ముక్క చాలు అవ్వా. ఉడికేటప్పుడు జిడ్డు పొంగి తగిలేది అక్కడే."

"ముక్క తీస్తే కుండ నిలుస్తదా బిడ్డా?"

"చెప్పలేను. పాతది కదా. పగిలిపోవచ్చు."

అక్క కుండ మీద చెయ్యి వేసింది. పశువు మెడ నిమిరినట్టు నిమిరింది. "వద్దు," అంది.

నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. "ఇయ్యక్కా! ఇది పోతే పోయిందేంది, మన మాట నిలుస్తది," అన్నాను. అన్నేళ్ళు దాచిన మాట అక్క ముందు కక్కేశాను. ఆ రోజు సభలో ఆ పెద్దాయన అంబలి గురించి అనలేదక్కా, మనకి గింజ తినడం తామే నేర్పామన్నాడు.

అక్క విని, పంటి సందున ఉల్లిపాయ నములుతూ ఆలోచించింది.

"అంతేనా?" అంది. "దీనికా ఇన్నేండ్లు మాడిచచ్చినవ్? ఓరి తమ్మీ, ఆయన్ని మనింటికి తోలుకరాకపోయినవా? ఇంత అంబలి పోస్తే నోరు సల్లబడుతుండె."

"రుజువు కావాలక్కా!"

"నేను రోజూ తాగుతలేనా? నీ కండ్లకు కనబడుతలేదా?"

అమ్మాయి తల వంచుకుంది. అక్క ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నువ్వేం బాధపడకు పిల్లా. నేను పోయినాక దీన్ని ఎట్లాగు పగలగొడతరు. మైల కుండ ఉంచరు గద. అప్పుడొచ్చి ఏరుకో. అంచు ముక్క కావాల్నా, అడుగు ముక్క కావాల్నా, నీ ఇష్టం. తమ్ముడు ఫోన్ జేస్తడు. ఏం తమ్మీ, జేస్తవా?"

చేస్తానన్నాను. ఇంకేమంటాను?

అలా కుదిరింది ఆ ఒప్పందం. అమ్మాయి రేకు పొట్లాలతో వెళ్ళిపోయింది. ఎండలు వచ్చాయి.

ఎండాకాలం మధ్యాహ్నాలు నేను వసారాలో కుక్కిమంచం మీద పడుకుంటాను. పూర్తి నిద్ర రాదు. కళ్ళు మూసుకుంటే తెగిన ఒడ్డు కనపడేది. పొర మీద పొర, పెంకుల పొరలు. చూస్తుండగానే ఒక్కో పొరలో ఒక్కో పొయ్యి వెలిగేది. ప్రతి పొయ్యి దగ్గరా ఒక ఆడమనిషి కూర్చుని తెడ్డు తిప్పుతూ ఉండేది. అందరికంటే పైన మా అమ్మ. ఆమె కింద ఆమె తల్లి. ఆ కింద నాకు తెలియని మొహాలు, ఇంకా కింద మొహాలు లేవు, పొగలో తెడ్డు తిప్పే చేతులే. కింది పొయ్యి పొగ పై పొయ్యిలోంచి లేచేది. ఒక్కరూ మాట్లాడరు. అంబలి కాగే చప్పుడొకటే, కిందినుంచి పైకి, గుసగుసగా. నేను చెవి ఒగ్గేవాణ్ణి. ఏమంటున్నారమ్మా, గట్టిగా చెప్పండి, నేను అందరికీ అన్ని భాషల్లో చెబుతానని బతిమాలేవాణ్ణి. మా అమ్మ చిరాగ్గా చూసి, మాడుతోంది కదరా, అడ్డం లెయ్, అనేది. కళ్ళు తెరిస్తే అక్క నా పక్కనుంచి కుండతో పోతూ ఉండేది.

అప్పుడప్పుడు ఆ అమ్మాయి ఫోన్ చేసేది. "అవ్వ ఎలా ఉన్నారు?" అని అడిగేది. ఆ ప్రశ్నకి ఇంకో అర్థం కూడా ఉందని ఆమెకి తెలుసు, నాకు తెలుసు. "బాగుంది," అనేవాణ్ణి. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళం.

వానలు పట్టాక అక్కకి జ్వరం వచ్చింది. మా అడవిలో జ్వరం అంటే మామూలు మాట కాదు. ఆసుపత్రి నుంచి మాత్రలు తెచ్చాను. పొంగిన వాగు చప్పుడులో అక్క పలవరింతలు కలిసిపోయేవి. తాగదు, తినదు. అమ్మని పిలుస్తోంది. ఒక పొద్దున తెల్లవారుతుండగా నుదుటి మీద చెయ్యి వేస్తే నిప్పు మీద వేసినట్టుంది. నేను లేచి నిలబడ్డాను.

ఆ తరవాత చేసిందేదీ ఆలోచించి చేసింది కాదు. నా చేతులు వాటంతట అవే కుదురు మీదినుంచి కుండ ఎత్తాయి. లోపల పులిసిన అంబలి కదిలింది. గోనెసంచి నెత్తిన కప్పుకుని, కుండ దాని కింద పెట్టుకుని, వానలో చేను వైపు నడిచాను. గట్టు జారుతోంది. మబ్బు నేలకి ఆనుకుంది. ముందు ఏమీ కనపడటం లేదు. మంచె కాళ్ళు చేతికి తగిలాకే చేరానని తెలిసింది. మెట్టు మెట్టుకీ ఆగి పైకెక్కాను. గడ్డి కప్పు కింద పొడిగా ఉన్నచోట కుండ దించి, మూకుడు మూశాను.

అప్పుడు తెలిసింది ఏం చేశానో. కుండ ఇంట్లో లేదు. ఇంట్లో లేని కుండకి మైల లేదు. అక్క పోయినా ఇది పగలదు. ఇది పగలకపోతే ఆ అమ్మాయికి ముక్క దొరకదు, పాత పెంకుల గుసగుస ఎవరికీ వినపడదు, ఆ పెద్దాయన మాటకి జవాబు ఉండదు. అంతా తెలిసింది. తెలిసి కూడా మంచె దిగి, కుండని అక్కడే వదిలి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను.

ఆ రోజు గడిచింది. ఆ మర్నాడూ గడిచింది. ఆ తరవాతి మధ్యాహ్నం వాన తెరిపిచ్చిన వేళ, అక్క ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళు తెరిచి కాసేపు వాసాలు చూసింది. తల తిప్పి కుదురు వైపు చూసింది.

"కుండేది?"

నేను నీళ్ళ చెంబు అందించాను.

"తమ్మీ, నా కుండేదిరా?"

"మంచె మీదుంది."

"ఇంత వానల అక్కడికెట్ల పోయింది?"

"పిట్టల కావలికి," అన్నాను.

అక్క నావంక చూసింది. అమ్మ దినం రోజున పెద్దల ముందు నిలబడ్డప్పటి పెదవి అది. కొరుక్కుంది గానీ ఈసారి ఆపుకోలేకపోయింది. దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. "వానకాలంల పిట్టలేందిరా దొంగోడా," అంది. నవ్వి నవ్వి ఆయాసపడి, "పో, తేపో. పాడైపోద్ది," అంది.

వెళ్ళి తెచ్చాను. అంబలి ముక్కు పగిలేంత పులిసింది. పైన తరక కట్టింది. అక్క ఒక చేత్తో గోడ పట్టుకుని కూర్చుని, ఆ తరక తీసి పారేసి, అడుగున కాస్త ఉంచి, కొత్త పిండి తనే కలిపింది. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు.

మర్నాడు ఫోన్ మోగింది. "అవ్వ ఎలా ఉన్నారు తాతగారూ?"

"జ్వరమొచ్చి పోయింది. గట్టిగున్నది." కుదురు వైపు చూసి అన్నాను, "కుండ కూడ."

"హమ్మయ్య," అంది. నిజంగానే అంది. ఆ పిల్ల మీద నాకు అప్పుడు ప్రేమ కలిగింది. "నీ పెంకులు ఏమంటున్నయమ్మా?" అని అడిగాను. ఇంకా ఏమీ అనడం లేదండి, వింటున్నాం అంది. వినండి, తొందరేం లేదన్నాను. నా నోటినుంచి ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

ఫోన్ పెట్టేసరికి అక్క వసారాలో దొప్పతో కూర్చుంది. సగం తాగి, ఇక పోవడం లేదని నా వైపు చాపింది.

"ఎంగిలి," అంది, "తాగుతవా, మల్ల కొట్లాడతవా?"

తీసుకుని తాగాను.